అరసున్న

అల్లిపురంలో మా డీటీపీ సెంటరు.
పెళ్లి కార్డులు, దినం కార్డులు,
తప్పిపోయిన కుర్రాళ్ల పోస్టర్లు.
మనుషులు నోటితో చెప్పుకోలేని మాటలన్నీ
ఇరవయ్యేళ్లుగా కొడుతున్నాను.

ఆమె ఆషాఢంలో వచ్చింది, పని లేని నెల.
గొల్లోరి సుక్రి. డాక్టరేటుందని తర్వాత తెలిసింది.
సంచిలోంచి ఆరు నోటుబుక్కులు తీసి
"నిఘంటువండి. మా గుతోబ్ భాషది.
నెమ్మదిగా చెయ్యండి" అంది,
"కానీ తొందరగా."
నవ్వాను. ఆమె నవ్వలేదు.

మొదటి పేజీలోనే చెయ్యి ఆగిపోయింది.
మాట మాటకీ తోకలో ఎర్ర సిరా గీత.
ఇదేటమ్మా అంటే పలికి చూపించింది:
పోతూ పోతూ మాట గొంతులో టక్కున నిలబడింది,
గడప అవతల ఎవరినో చూసిన పాదంలా.
"ఈ ఆగడం కూడా అక్షరమే.
తీసేస్తే మాట మారిపోద్ది.
ఆశ్రమ పాఠశాలలో నాకు నత్తి అనుకున్నారు.
బెత్తంతో కుదిర్చారు."

యాభయ్యారు అక్షరాలూ వెతికాను,
ఆగడానికి ఒక్కటీ లేదు.
విసర్గ పెడదామన్నాను.
అది ఊపిరి వదలడం, ఇది పట్టుకోవడం, అంది.
పైన కామా పెడదామన్నాను.
ప్రూఫు మీద చీమనుకుంటారంది.
అప్పుడు దొరికింది, ఎన్నడూ నొక్కని మీట వెనక,
అరసున్న.
మా తెలుగు మాస్టారొక్కరే రాసేవారు దాన్ని.
బోర్డు తుడిచే వంతు నాది.

"ఖాళీగానే పడుంది, వాడుకోండి" అన్నాను,
దానమిచ్చినట్టు.

చాలాసేపు తెర వంక చూసింది.
"మీరు పారేసిన గిన్నెలో
మమ్మల్ని తినమంటారా?"
హార్బరులో ఓడ కూసింది.
నా దగ్గర జవాబు లేదు.

నాలుగు రోజులు రాలేదు.
పెద్దమ్మతో కేజీహెచ్‌లో ఉన్నానని ఫోను.
ప్రూఫులు పట్టుకుని నేనే ఆ ఎత్తు ఎక్కాను.
ఆడవాళ్ల వార్డులో, మంచం దొరక్క కింద పరుపు మీద బుద్రి.
ఆరు పుస్తకాల్లో నాలుగు ఆమె నోట్లోంచి వచ్చినవే.
కుర్ర డాక్టరు అడుగుతున్నాడు, నొప్పి ఎలాంటిదని.
ముసలామె ఒక్క మాట అంది. చివర టక్కు.
అతను రాసుకున్నాడు: భుజం నొప్పి.
"కాదు" అంది సుక్రి.
"కట్టెల మోపు దించేశాక
మోపు లేక భుజం పడే నొప్పి.
మోస్తున్నప్పటిది వేరే మాట."
పెన్ను ఆగింది.
ఆ ఆగడం నాకు వినబడింది.

మెట్ల మీద టీ తాగుతూ చెప్పింది:
ఏదో సదస్సుకి క్రియల మీద నలభై పేజీలు పట్టుకెళ్తే
భోజనాల ముందు ధింసా ఆడతారా అన్నారట.
"ఆడాను. బాగానే ఆడతాను.
తర్వాత నలభై పేజీలూ చదివాను.
వాళ్ల అన్నం చల్లారిపోయింది."
ఈసారి నవ్వింది.

బుద్రికి చదువు రాదు.
ప్రూఫు తిరగేసి పట్టుకుని, అది ఏదీ అని అడిగింది.
సుక్రి వేలు పెట్టి చూపించింది.
ముసలామె కళ్లు చికిలించి ఏదో అంది.
ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.
"ఏటన్నారు?"
"చెవిలా ఉందట.
ఉండనీ అంది."

కిరండూలు బండిలో వెళ్లిపోయారు,
నిఘంటువింకా సగంలో ఉండగానే.
మిగతా సగం ఊళ్లో రాస్తానంది.
మొన్న కవరు వచ్చింది.
లోపల బడిపిల్లలు రాసిన ఉత్తరం, తెలుగులోనే,
నా పేరు మధ్యలో ఒక అరసున్న,
వైజాగు చివర ఒకటి,
"మీరు ఎప్పుడు వస్తారు" తర్వాత మూడు.
దిద్దడం నా వృత్తి.
ఎర్ర పెన్ను తీశాను.
పైకి చదివి చూశాను, వాళ్లు పెట్టిన చోటల్లా ఆగుతూ.
మూత పెట్టేశాను.